మొదటి ‘వద్దు’

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరులోని బడికి నేనూ, నా తోటి టీచరూ ఏళ్ళ తరబడి ఒకే రైల్లో వెళ్ళాం. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ “చాలండీ” అని చెయ్యి అడ్డం పెట్టినా, వినకుండా కూర వడ్డించేదాన్ని. మా వైపు మొదటి ‘వద్దు’ని ఎవరూ లెక్కచెయ్యరు.

ఆవిడకి క్యాన్సర్ వచ్చాక, కీమోకి తోడు రానా అని ఫోన్లో అడిగాను.

“మీకెందుకండీ శ్రమ? నేను వెళ్ళగలనండీ” అంది.

ఆ మాట మాత్రం వెంటనే నమ్మేశాను. నమ్మితే సెలవు పెట్టే పని తప్పుతుంది మరి.

ప్రతిసారీ ఒంటరిగానే బస్సెక్కిందని, పెద్దకర్మ రోజున హైదరాబాద్ నుంచి వచ్చిన ఆవిడ చెల్లెలు చెప్పింది. చెబుతూనే, విస్తరికి అడ్డం పెట్టిన నా చేతిని పక్కకి జరిపి కూర వేసింది.

మీ వాళ్ళెవరైనా జబ్బుపడి వద్దంటే వినకండి. ఆటో తీసుకెళ్ళి గుమ్మం ముందు నిలబడండి.