నిలువు అతుకుకు తగిన వేడి

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఎండాకాలంలో, ఎమ్మిగనూరు శివార్లలో ఉక్కు నీళ్ల ట్యాంకు కట్టే పనికి వెల్డింగ్ ఇంజినీరుగా వెళ్లాను. ట్యాంకు గోడకు నిలువు అతుకులు చాలా ఉంటాయి. వాటిని వేసే వెల్డర్లు ముందుగా ఒక పరీక్షలో నెగ్గాలి. నిలబెట్టిన రెండు ప్లేట్లను కింది నుంచి పైకి అతకాలి. ఆ అతుకును ముక్కలుగా కోసి వంచినప్పుడు పగలకూడదు.

పరీక్షకు వచ్చినవాళ్లలో సునీతమ్మ ఒక్కతే ఆడమనిషి. ఊరు నందవరం దగ్గరి పల్లె. ఆదోనిలో ట్రాక్టరు ట్రాలీలు చేసే షెడ్డులో ఏళ్ల తరబడి పనిచేసింది. పడుకోబెట్టిన ప్లేటు మీద ఆమె వేసిన అతుకు చూసి ముచ్చటపడ్డాను. ప్లేటు నిలబెట్టేసరికి మాత్రం కరిగిన లోహం కొవ్వొత్తి కారినట్టు జారిపోయింది. మొదటిసారి తప్పింది. ఇంకొక్క అవకాశమే మిగిలింది. షెడ్డులో పని మానేసి వచ్చానని, అక్కడ తన చోట్లో వేరే మనిషి చేరిపోయాడని ఆమె తల దించకుండానే చెప్పింది.

మేం వాడేది ఫ్లక్స్ కోర్ వైరు, అంటే లోపల పొడి నింపిన సన్నటి గొట్టపు తీగ. ఆ పొడి కరిగి, లోహం మీద పెంకులా పరుచుకునే చిట్టెంగా మారి, లోహం కన్నా ముందే గట్టిపడి, దాన్ని జారకుండా పట్టుకుంటుంది. వేడి మితిమీరితే ఆ పట్టు చాలదు. ఎక్కువ కరెంటు పెడితేనే అతుకు గట్టిదని ఆమెకు షెడ్డులో నేర్పారు. ట్రాలీల పనికి అది సరిపోయింది కూడా.

ఈ యంత్రాల్లో తీగ వేగం తగ్గిస్తే కరెంటు తగ్గుతుంది. తీగ కొసకూ ప్లేటుకూ మధ్య వెలిగే మంటే ఆర్కు; దాని పొడవును వోల్టేజి నిర్ణయిస్తుంది. రెండో పరీక్షకు ముందు ఆమెతో సాధన చేయిస్తూ, ఒకటి కుదిరాకే రెండోది తిప్పమన్నాను. ముందు తీగ వేగం తగ్గించాం. ఆర్కు పొడుగై చెదిరింది. వోల్టేజి కొద్దికొద్దిగా దించుతూ పోయాం. ఒకచోట శబ్దం సన్నగా, నూనెలో వడియాలు వేగుతున్నట్టు ఒకే తీరున వినిపించింది. అంచుల దగ్గర క్షణం ఆగి, మధ్యలో ఆగకుండా దాటమన్నాను. సగం ప్లేటు ఎక్కాక ఆమె ముసుగు ఎత్తి చూసుకుంది.

"ఇప్పుడు నిలబడతాంది సార్" అంది. ఆ మాటకు ఆమెకంటే నాకే ఎక్కువ సంతోషం కలిగింది.

పరీక్ష రోజు మేం సాధన చేసిన ఆ యంత్రం పాడైంది. దూరంగా ఉన్న మరో యంత్రం నుంచి పొడుగాటి కేబులు లాగి ఇచ్చారు. క్లయింటు తరఫు ఇన్‌స్పెక్టరు మంచివాడే కానీ తొందరలో ఉన్నాడు. పాత అంకెలే పెట్టి మొదలుపెట్టమన్నాడు. పరీక్షలో నేను కల్పించుకోకూడదు కనుక పక్కన నిలబడ్డాను.

సునీతమ్మ తీగ బయటికొచ్చే వెల్డింగ్ టార్చి పట్టుకుంది కానీ పరీక్ష ప్లేటు దగ్గరికి పోలేదు. "ఆడ పెట్టిన నంబరు ఈడ సరిపోతాదో లేదో తెల్దు సార్. ఒక తుక్కు ముక్క ఇయ్యండి, కొట్టి చూసుకుంటా" అంది. ఇన్‌స్పెక్టరు చేతి గడియారం చూసుకున్నాడు. ఆమె అలాగే నిలబడింది. చివరికి ఆయన తలూపాడు.

తుక్కు ప్లేటు మీద తీగ టపటపమని పొడుచుకుంది. పొడుగు కేబులులో వోల్టేజి కొంత పోతుంది, అదీ కారణం. ఆమె వోల్టేజిని కొద్దిగా పెంచి, మళ్లీ వేసి, శబ్దం సర్దుకున్నాక పరీక్ష ప్లేటుకు వచ్చింది. ఇన్‌స్పెక్టరు మీటరు పెట్టి కొలిచి, ఈ పనికి రాసిపెట్టిన ప్రొసీజరు హద్దుల్లోనే ఉందన్నాడు. వంచిన ముక్కల్లో ఒక్కదానిలోనూ పగులు రాలేదు. ట్యాంకు పూర్తయ్యేదాకా ఆమె నిలువు అతుకులే వేసింది.

సెట్టింగు అంకె ఒక యంత్రానికి, ఒక కేబులుకు, ప్లేటు నిలిపిన ఒక తీరుకు చెందినది. వాటిలో ఏది మారినా తుక్కు ముక్క మీద మళ్లీ చూసుకోవాలి. ఆ తర్వాత నేను పెట్టిన పరీక్షలన్నిటిలో, ఎవరూ అడగకముందే వెల్డరు చేతికి తుక్కు ప్లేటు ఇప్పించాను.