దింపుడు కళ్ళంలో నాలుగో పిలుపు

ఇంగ్లీషు దొరల జెండా ఇంకా దిగని ఆ కాలంలో మా చెరకు దీవిలో, లాల్మతీ ఊరి తెలుగువాళ్ళకు బతుకంతా అక్కడి క్రెయోల్ భాషలో గడిచినా, చావుకు మాత్రం తెలుగు మాటే కావాలి. అలాంటి మాటే దింపుడు కళ్ళం. కళ్ళమంటే వరి నూర్చే చోటని, సముద్రం అవతల మావాళ్ళు వదిలొచ్చిన పాత దేశంలో పాడెను శ్మశానానికి మోసుకెళుతూ దారిలో అక్కడ దించేవారని, చెవిలో మూడుసార్లు పిలిచేవారని మా తాత చెప్పాడు. "ఊపిరి మిగిలుంటే లేస్తారే. ఒకాయన లేచి కూర్చున్నాడంట!" అన్నాడు. మా దీవిలో వరెక్కడిది? అందుకని మావాళ్ళు చెరకు బండ్లు తూకం వేసే చదునులో దించేవారు. (శవాన్ని తూకం వేస్తారని చాన్నాళ్ళు నమ్మాను. నవ్వండి, ఫరవాలేదు.)

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ తాతే పోయాడు. ఇంటి ఆడవాళ్ళంతా గుండెలు బాదుకుంటుంటే నేను ఏడవలేదు. పిలిస్తే లేచేవాడి కోసం ఏడవడమెందుకు? ఆడపిల్ల పాడె వెంట పోకూడదు. చెరకు ఆకులు చేతులు కోస్తున్నా తోటలో దూరి వెనకే పోయాను. తూకం దగ్గర దించారు. పెదనాన్న వంగి, "పాపా, లెవే!" అని క్రెయోల్‌లో, అంటే 'నాన్నా, లే' అని, లేపుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. తాత బతికుండగానే ఆ భాషకు పలికేవాడు కాదు, ఇప్పుడు పలుకుతాడా? ఒక్క దూకులో బయటికొచ్చి, "తెలుగులో పిలువు పెదనాన్నా!" అని అరిచాను.

"దీన్నెవరు రానిచ్చారు? పోవే ఇంటికి!" అని కసిరాడు పెదనాన్న.

"పిలవనీ," అన్నాడు పూజారి మామ. "ఆయనతో తెలుగు మాట్లాడింది ఇదొక్కతే."

చెవిలో నోరు పెట్టి, "తాతా, లెయ్" అని మూడుసార్లు పిలిచాను. కదల్లేదు. పాడె ఎత్తబోతుంటే వెదురు పట్టుకుని వేలాడాను. "ఆగండి! నేను పిలిచింది చెవుడున్న చెవిలో!"

"మూడేనమ్మా పద్ధతి," అన్నాడు పూజారి మామ.

"అది వినబడేవాళ్ళకి!"

మోసేవాళ్ళలో ఒకడు ఫక్కుమన్నాడు. తర్వాత అందరూ. పెదనాన్న నవ్వుతూ నవ్వుతూనే కూలబడి ఏడ్చాడు. నన్ను మంచి చెవి వైపు కూర్చోబెట్టింది కూడా ఆయనే. నాలుగోసారి మెల్లగా పిలిచాను, ఉలిక్కిపడతాడేమోనని.

తాత లేవలేదు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

ఎన్నో ఏళ్ళకు మా ఆయన పోయినప్పుడు ఆయన్ని తీసుకెళ్ళడానికి మోటారు బండి వచ్చింది, అది దారిలో ఎక్కడా దించదని తెలుసు. అందుకే ఇల్లు కదలకముందే నేను ఆయన చెవి దగ్గర వంగాను. జన్మలో పేరు పెట్టి పిలిచింది లేదు, ఆ పూటా నోరు రాలేదు. "ఏమయ్యా" అన్నాను, ఒక్కసారే. లేస్తాడని కాదు. కానీ పిలిచాక జవాబు కోసం కాసేపు ఆగాను చూడండి, ఇంత వయసొచ్చి.