హాజరీబాబు దగ్గరికి పంపారట

సమ్మె రోజుల్లో కార్ఖానా గేటు దగ్గర రాళ్ళు పడ్డాయి. పట్టుకుపోయినవాళ్ళలో మా ఆయన ఒకరు. ఆయన గురి సంగతి నాకు తెలుసు. జామకాయకని విసిరిన రాయి పక్కింటి పెంకు మీద పడేది. ఆ ముక్క కోర్టులో చెప్పడానికి నన్నెవరూ పిలవలేదు.

కేసు తేలేదాకా ఆయన్ని ఊళ్ళోని జైల్లోనే ఉంచారు. మా అత్త రోజూ క్యారేజీ సర్ది, నన్ను వెంటేసుకుని బయల్దేరేది. శ్రీకాకుళం నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి ఏడాదైనా ఆవిడ హిందీ రేషను దుకాణం దాటి ఎదగలేదు. అయినా జైలు వార్డరుతో గంటసేపు మాట్లాడేది, తెలుగులోనే. అతనూ పాపం తలూపేవాడు. శిక్ష ఎంత పడినా పడనీ, కొడుకు ఈ ఊళ్ళోనే ఉంటే చాలు, నా చేత్తో ఇంత అన్నం పెట్టుకుంటాను అన్నదొక్కటే ఆవిడ కోరిక.

ఎవరు ఎక్కడుంటారన్నది ఎలా తేలుస్తారో పక్కింటాయన నాకు చెప్పాడు. కోర్టులో నకళ్ళు రాసే ఉద్యోగం ఆయనది. శిక్ష నెలా రెండు నెలలైతే ఇక్కడే ఉంచుతారట. ఇంకాస్త పెద్దదైతే చాయ్‌బాసా జిల్లా జైలు. ఏళ్ళలోకి పోతే హజారీబాగ్ సెంట్రల్ జైలు. బట్టల కొట్టువాడు గజాలు చెప్పినంత తీరిగ్గా చెప్పాడు. ఆ చివరి ఊరి పేరు మాత్రం నేను ఇంట్లో ఎత్తలేదు.

తీర్పు ఎప్పుడో మాకు సరిగ్గా తెలియదు. ఒక పొద్దున వెళితే వార్డరు క్యారేజీ తీసుకోలేదు. "హజారీబాగ్ భేజ్ దియా," అన్నాడు.

కార్ఖానాలో హాజరు వేసే గుమాస్తాని హాజరీబాబు అంటారు. ఆ మాట మా అత్తకు బాగా తెలుసు. ఇంటికి రాగానే కొడుకు మొదట తిట్టేది అతన్నే.

"హాజరీబాబు కాడికి పంపీసినారట. మళ్ళీ డూటీలోకి ఎక్కించుకుంటన్నారే," అంది నాతో. వార్డరుకు రెండు చేతులా దండం పెట్టింది. అతను తెల్లబోయాడు.

నాకు హిందీ వచ్చు. నేను సరిగ్గానే విన్నాను. ఎంత శిక్ష వేశారో ఎవరూ చెప్పకుండానే ఆ ఊరి పేరుతో తెలిసిపోయింది. నోరు తెరిచేలోగా ఆవిడ సాక్చీ బజారు వైపు మళ్ళింది, గారెలకు మినప్పప్పు కొనాలని.

ఆ పప్పు రుబ్బింది నేనే. ఆవిడ గారెలు వేసి, వీధిలో ఇంటింటికీ పంచి, కొడుకు వాటా విడిగా మూతపెట్టింది. ఇన్నేళ్ళూ ఈ కథ చెప్పి ఆవిడనే ఆటపట్టించాను గాని, సిగ్గుపడాల్సింది నేను. నేను నిజం చెప్పకపోయింది ఆవిడ సంతోషాన్ని చెడగొట్టలేక కాదు, ఆ ఒక్క పూట నాకూ అది కావాలనిపించింది.

సాయంత్రం డ్యూటీ దిగినవాళ్ళంతా ఇళ్ళకు చేరారు. సందు మొగలో ఇంకా నిలబడే ఉన్న ఆవిడ దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"నువ్వప్పుడే ఇన్నావేటి?" అంది.

విన్నానన్నాను. ఆవిడ ఇంట్లోకొచ్చి, గారెల మీద మూత తీసి చూసి, మళ్ళీ పెట్టింది. అక్కడికి ఎన్ని బళ్ళు మారాలని అడిగింది. నాకు తెలియదన్నాను.

"ఎల్లేదాకా పాడవకుండా ఉండేది ఏటి సేద్దాం?" అంది.

శిక్ష పడ్డవాళ్ళకు ఇంటి తిండి లోపలికి పోనివ్వరని పక్కింటాయన నాకు చెప్పే ఉన్నాడు. సున్నుండలు చేద్దామని చెప్పి, నేను మినుములు వేయించడానికి పొయ్యి రాజేశాను.