వాచీల సందు గురించి నేను రాయనిది

ముప్పై ఏళ్లు పత్రికలో రిపోర్టరుగా పనిచేసి రిటైరయ్యాక, మా బెజవాడ చరిత్రను వీధివీధీ తిరిగి రాయాలనుకున్నాను. శాసనాలూ కలెక్టర్ల నివేదికలూ కాదు. ఏ వీధిలో ఎవరు ఏం అమ్మారు, ఏ మూల ఏ హోటలుండేది, అక్కడ ఏం జరిగింది, అదీ నాకు కావలసింది. పొద్దున్నే టిఫిను చేసి గుణదలలో బస్సెక్కేవాణ్ని.

వన్‌టౌన్‌లో ఒక ఇరుకు సందులో వాచీలు బాగుచేసే సాయిబు గారున్నారు. డెబ్బై దాటాయి. కంటికి భూతద్దం బిగించుకునే మాట్లాడేవారు. ఒకప్పుడు ఆ సందు నిండా వాచీ దుకాణాలేనట. మూడు రోజులు ఆ ముచ్చట్లే చెప్పారు. నాలుగో రోజు భూతద్దం తీసి బల్లమీద పెట్టారు.

"ఇంకోటుందండీ. నలభై ఏళ్లుగా నన్నెవరూ అడగలేదు. మీరూ అడగలేదు. అయినా చెబుతా."

కూలి పెంచమని తోటివాళ్లను కూడగట్టిన ఒక హమాలీని, ఆయన దుకాణం ఎదురుగా, పట్టపగలు ముగ్గురు కొట్టి చంపారు. కాగితాల మీద మాత్రం లారీ గుద్దిందని రాశారు. ఆ ముగ్గురిలో ఒకాయన ఇవాళ ఊళ్లో పెద్దమనిషి. ఏ ఉత్సవం జరిగినా ఆయన ఫొటోతో ఫ్లెక్సీలు కడతారు.

"షట్టరు సగం దించి లోపల కూర్చున్నా. పూర్తిగా దించితే చప్పుడవుద్దని భయం," అన్నారు.

"పేర్లు రాయమంటారా?"

"చచ్చిపోయినాయన పేరు రాయండి. మిగతావి మీ ఇష్టం."

ఆ అధ్యాయం రాసి టైపింగుకి ఇచ్చాను. ఇచ్చిన ఐదో రోజు పొద్దున ఒకతను యాపిల్‌పళ్ల సంచితో ఇంటికొచ్చాడు. నలగని తెల్లచొక్కా. మా ఆవిడ కాఫీ ఇచ్చింది.

"ఊరి చరిత్ర రాస్తున్నారంటగా అండీ. మా పెద్దాయన చాలా సంతోషపడ్డారు."

"ఏ పెద్దాయనండీ?"

నవ్వాడు. "వాచీల సందు దాకా వచ్చారంట కదా సార్. ఆ ముసలాయన మాటలు పట్టించుకోకండి. పాపం, మనవరాలు బెంజ్ సర్కిల్ దగ్గర కాలేజీలో చదువుతోంది. ఐదింటికి ఒక్కతే ఆటో ఎక్కుద్ది. ఈ వయసులో ఆయనకీ టెన్షన్లెందుకండీ?"

ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. కాఫీ బాగుందమ్మా అని మా ఆవిడతో చెప్పి, గేటు గడియ జాగ్రత్తగా వేసి వెళ్లాడు.

మర్నాడు వెళ్తే దుకాణం మూసి ఉంది. ఇబ్రహీంపట్నంలో కొడుకింటికి వెళ్లిపోయారని పక్కనున్న గాజుల కొట్టతను చెప్పాడు. అక్కడికీ వెళ్లాను. పవర్‌హౌస్ పొగగొట్టాలు కనిపించే వరండాలో సాయిబు గారు ఊరికే కూర్చుని ఉన్నారు. చేతిలో వాచీ లేకుండా ఆయన్ని చూడడం అదే మొదటిసారి.

"రాసేశారా?"

"మీ దగ్గరికీ వచ్చారా?"

"వచ్చారు. పిల్లని కాలేజీ మాన్పించేశాం. ఇంక పోయేదేముంది? రాసేయండి."

పుస్తకంలో వేస్తానని మాటిచ్చాను. తిరుగు బస్సు ఊరు దాటకముందే ఫోను మోగింది. "ఆ ఊళ్లో బూడిద ఎక్కువండీ. ఈ వయసులో మీకు పడదు. జాగ్రత్త," అంది తెల్లచొక్కా అతని గొంతు.

ఆ వారమే నాలుగు పేజీలు తీసేశాను. వాచీ దుకాణాల ముచ్చట్లు ఉంచాను. హమాలీ పేరు కూడా లేకుండా పోయింది. పేజీలు ఎక్కువయ్యాయని మా ఆవిడతో అన్నాను.

పుస్తకం వచ్చింది. నా చేతులతో ఇవ్వలేక సాయిబు గారికి పోస్టులో పంపాను. అది వెనక్కి రాలేదు, ఆయన ఫోనూ రాలేదు. ఆవిష్కరణ సభలో తెల్లచొక్కా అతను ముందు వరసలో కూర్చుని చివరిదాకా విన్నాడు. అయ్యాక నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"చాలా బాగా రాశారు సార్. రెండో భాగం ఖర్చంతా మా పెద్దాయనదే. ఎవర్ని కలవబోతున్నారో ముందే ఓ మాట చెప్పండి, చాలు. కారు పంపిస్తాం."

కాదనలేకపోయాను. సోమవారం తొమ్మిదింటికి కారొచ్చి గేటు ముందు ఆగింది. ఒంట్లో బాగాలేదని మా ఆవిడతో చెప్పించాను. పై వారమూ వచ్చింది. నేను రాయడం మానేసి ఏడాది దాటింది. ఇప్పటికీ ప్రతి సోమవారం వచ్చి, ఇంజను ఆపకుండా గంటసేపు ఉండి వెళ్తుంది.