అద్దాలక్క వాటా

ఆ వీధికంతటికీ కళ్ళజోళ్ళ షాపు ఒకటే. ముందు గదిలో ఆయన, వెనక గదిలో ఆమె. ముందు గదిలో గోడనిండా ఫ్రేములు, ఒక నిలువుటద్దం, పెద్ద అక్షరాల నుంచి చీమ తలకాయంత అక్షరాల దాకా దిగే చార్టు. వెనక గదిలో అద్దాలు అరగదీసే మెషీను, దానికో నీళ్ళ గొట్టం, తెల్లటి బురద పేరుకున్న తొట్టి. ఆయన కళ్ళు చూసి నంబరు రాసి లోపలికి పంపితే, ఆమె అద్దాన్ని ఫ్రేముకు తగ్గట్టు అరగదీసి, బిగించి, తుడిచి బయటికి పంపేది. మాట నేర్పు ఆయనది, చేతి నేర్పు ఆమెది. వీధిలో అందరూ ఆమెను అద్దాలక్క అనేవారు. అసలు పేరు బ్యాంకు వాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆయన చెడ్డవాడేమీ కాదు. షాపుకొచ్చిన ముసలివాళ్ళను కూడా పకపకా నవ్వించి పంపేవాడు. కాకపోతే ఆ నవ్వు సాయంత్రం షట్టరుతో పాటే కిందికి దిగిపోయేది. మేడమెట్లెక్కి ఇంట్లోకి వచ్చేసరికి నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. కూతురు ఇంట్లో ఉన్నంతకాలం ఇద్దరి మధ్యా ఆ పిల్లే వారధి. "మీ నాన్నకి చెప్పు", "మీ అమ్మనడుగు" అంటూ కాలం గడిచిపోయింది. పిల్ల ఉద్యోగానికని వేరే ఊరు వెళ్ళాక, వారధి కూలిన ఏటికి చెరో ఒడ్డునా ఇద్దరూ మిగిలిపోయారు.

ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ ఆయనే అన్నాడు.

"ఇదిగో, ఒకమాట. మనం విడిపోదాం. నీమీద నాకు కోపమేం లేదు."

కోపం ఉన్నా బాగుండేది అనుకుంది ఆమె. పైకి మాత్రం, "సరే, మీ ఇష్టం," అని కప్పులు తీసుకెళ్ళి కడిగింది. ఆ తర్వాత చాలాకాలం ఆయన అన్నమాట కంటే తను అన్న ఆ 'సరే'నే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఎవరో తన గొంతులోంచి పలికి వెళ్ళిపోయినట్టు అనిపించేది.

ఆయన దగ్గర పంపకం కూడా సిద్ధంగానే ఉంది. షాపు ఆయన పేరునే, ఇల్లూ ఆయన పేరునే. ఆమె బతికున్నంతకాలం మేడమీద ఉండొచ్చు, ఎప్పట్లానే కింద పని చేసుకోవచ్చు, ఖర్చులకు ఆయన ఇస్తాడు. "ఇంటిగుట్టు వకీళ్ళకెందుకు? మనలో మనం కాగితం రాసుకుంటే పోలా?" అన్నాడు. ఆమె అన్నయ్యకు ఫోన్ చేస్తే ఆయనా అదే పాట. "సంతకం పెట్టేయమ్మా. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? నెత్తిమీద నీడుంది, అది చాలదూ?"

ఆమె సంతకానికి సిద్ధపడే ఉండేది, ఆడపడుచు గనక రాకపోతే. ఆయన చెల్లెలు ఆస్పత్రిలో నర్సు. పుళ్ళు కడిగీ కడిగీ మొహమాటం పోగొట్టుకున్న మనిషి. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కదా వదినా. మొత్తం మొగుడు పోతే పోనీ, సగం మొగుణ్ణి నేనున్నాను. లే, వకీలు దగ్గరికెళ్దాం."

"మీ అన్నయ్య మీదికి నువ్వే తీసుకెళ్తావా అమ్మాయ్?"

"అన్నయ్య మీదికి కాదు, నీకోసం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదు. ఇప్పుడు వడ్డించేవాడు మనవాడు కాకుండా పోతున్నాడు. ఇంకా కడబంతిలోనే కూర్చుంటానంటే ఎలా?"

లాయరు ఆఫీసు ఒక ప్రింటింగు ప్రెస్సు పైన ఉంది. కింద మెషీను ఆడుతున్నప్పుడల్లా బల్లమీద గ్లాసులో నీళ్ళు వణికేవి. లాయరు అరవై దాటిన ఆవిడ. తాడుకు కట్టి మెడలో వేసుకున్న కళ్ళజోడుకు ఒక కాడ వంకరగా ఉంది. అద్దాలక్క చూపు ముందు దానిమీదికే పోయింది.

"కాగితాల మీద పేర్లు ఎవరివన్నది తర్వాత చూద్దాం. షాపులో మీరేం చేస్తారు?" అంది లాయరు.

"వెనక పని నాదండీ. అదేం పెద్ద..."

"పెద్దదో చిన్నదో నేను అడగలేదు. ఎప్పట్నుంచి?"

"మా అమ్మాయి పుట్టకముందు నుంచి."

"జీతం?"

అద్దాలక్కకు నవ్వొచ్చింది. "సొంత షాపులో జీతమేంటండీ?"

"ఆ మాట అలాగే గుర్తుపెట్టుకోండి," అంది లాయరు. "రేపు కోర్టులో నేను చెప్పబోయేది అదే. సొంత షాపని నమ్మబట్టే జీతం లేకుండా చేశారు. అడిగినదంతా ఇప్పిస్తానని మాటివ్వను. కానీ మీకేం కావాలో మీరు చెప్పందే నేనేం అడగను? చెప్పండి, మీకేం కావాలి?"

అద్దాలక్క సంచీ ఒళ్ళోకి లాక్కుంది. ఏం కావాలని తనను ఎవరైనా చివరిసారి ఎప్పుడడిగారో వెతుక్కుంటూ ఉంటే కళ్ళనిండా నీళ్ళొచ్చేశాయి. లాయరు గ్లాసు ముందుకు జరిపి, ఊరుకునేదాకా ఆగింది.

"ఏడవద్దని అనను. కానీ దానికి నా దగ్గర మందు లేదమ్మా. పక్క వీధిలో కౌన్సెలరు ఒకావిడ ఉంది, ఇదే పని మీద చదువుకున్న మనిషి. కోర్టు సంగతి నేను చూస్తాను, మీ సంగతి ఆవిడ చూస్తుంది. ఇద్దరం ఉంటేనే మీ బండి నడుస్తుంది."

"నాకు పిచ్చేం లేదండీ," అంది అద్దాలక్క, కాస్త రోషంగానే.

"కాలు బెణికితే కట్టు కట్టించుకుంటాం. అంతమాత్రాన కుంటివాళ్ళమైపోతామా?"

అయినా ఆమె వెళ్ళలేదు. లాయరు ఇచ్చిన నంబరు సంచీ అడుగునే ఉండిపోయింది. ఎప్పట్లా పొద్దున్నే కిందికి దిగేది, మెషీను ముందు కూర్చునేది, చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. అలా చేసుకుపోతున్నాయనే అనుకుంది.

ఒకరోజు బస్సు డ్రైవరు ఒకాయన కొత్త కళ్ళజోడు చేత్తో పట్టుకుని వచ్చాడు. పాతికేళ్ళుగా వాళ్ళ షాపుకే వచ్చే మనిషి.

"అక్కా, ఇది పెట్టుకుంటే రోడ్డు ఒకపక్కకి వాలినట్టు కనబడుతోంది. డిపోలోనే చూసుకున్నా కాబట్టి సరిపోయింది. పాత జోడుతోనే బండి తీశా."

కొన్ని అద్దాలకు నంబరొక్కటే చాలదు. ఏ కోణంలో బిగించాలన్నదీ ఉంటుంది. ఆ కోణం తప్పితే చదునైన నేల కూడా గట్టులా కనిపిస్తుంది. అద్దాలక్క జోడును తిప్పి చూసింది. ఎడమ అద్దం కోణం పూర్తిగా తప్పు. ఇన్నేళ్ళలో ఆమె చేతిలో అలాంటి పొరపాటు జరగలేదు. బస్సునిండా జనం, మలుపులు, పక్కకు వాలిన రోడ్డు ఆమె కళ్ళముందు కదిలాయి. డ్రైవరు ముందే కొత్త అద్దం బిగించి, ఒకటికి పదిసార్లు చూసి ఇచ్చింది. ఆయన వెళ్ళగానే సంచీ బోర్లించి నంబరు వెతికింది.

కౌన్సెలరు గదిలో రెండు కుర్చీలు కిటికీ వైపు కొంచెం ఓరగా వేసి ఉన్నాయి. మొహంలో మొహం పెట్టి చూసుకోనక్కర్లేదు. ఆవిడకు నలభై ఉంటాయేమో. తొందరపడి మాట్లాడే రకం కాదు. మొదటి రోజంతా అద్దాలక్క ఆయన గురించే చెప్పింది. ఆయన పొద్దున లేచేదీ, తినేదీ, మాట్లాడనిదీ.

"ఇదంతా ఆయన సంగతి," అంది కౌన్సెలరు చివర్న. "మీ సంగతి వచ్చేసారి చెప్తారా?"

వచ్చేసారీ సగం ఆయన సంగతే అయింది. ఆ పైసారి నుంచి మెల్లగా దారి మళ్ళింది. నిద్ర పట్టడం లేదని చెప్పింది. కూతురికి ఈ మాట చెప్పడానికి సిగ్గేసిందని చెప్పింది. ఆదివారం నాటి ఆ 'సరే' గురించి చెప్పింది.

"సరే అనేముందు ఒక్క ఊపిరి పీల్చుకోండి. వద్దనమని కాదు. మీకు నిజంగా సరేనో కాదో ఆ కాస్తలో తెలుస్తుంది," అంది కౌన్సెలరు.

ఆ ప్రయోగం మొదట అన్నయ్య మీదే జరిగింది. ఆయన ఫోన్లో ఎప్పట్లా తన సలహా అంతా చెప్పి, "సరేనా?" అన్నాడు. ఇటు చప్పుడు లేదు.

"హలో! లైనుందా? వినబడుతోందా?"

"ఉంది అన్నయ్యా. ఆలోచిస్తున్నా."

"ఆలోచిస్తున్నావా?" అన్నాడు ఆయన, చెల్లెలికి జ్వరమొచ్చిందని విన్నంత కంగారుగా.

అలా ఆలోచించగా ఆలోచించగా ఆమెకు తెలిసింది, మేడమీది ఇల్లు తనకక్కర్లేదని. కింద ఆయన షాపుకొచ్చినవాళ్ళతో నవ్వుతుంటే ఆ నవ్వు నేలలోంచి పైకి వినబడుతూ ఉంటుంది. అలా వింటూ బతకడం ఆమెకిష్టం లేదు. కావలసింది ఆ మెషీను, ఆ పని, ఇంటిలో తన వాటాకు వచ్చేదానితో వేరేచోట రెండు గదులు. ఇదే వెళ్ళి చెబితే లాయరు వంకర కళ్ళజోడు పెట్టుకుని చకచకా రాసుకుంది. "ఇప్పుడు నాకు పని దొరికింది!" అంది.

కోర్టు పంపిన మధ్యవర్తి ముందు కూర్చున్న రోజున ఒక పొడుగాటి బల్లకు అటు ఆయన, ఆయన లాయరు, ఇటు వీళ్ళు. ఆయన లాయరు కుర్రవాడు, చురుకైనవాడు. "ఆవిడ వెనక గదిలో కాస్త సాయం చేస్తూ ఉండేవారు, అంతే కదండీ," అన్నాడు.

అద్దాలక్క ఊపిరి పీల్చుకుంది.

"సాయం కాదు బాబూ. షాపులో సగం."

ఆమె ఆయన వైపు చూడలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ మాట నిజమేలెండి," అన్నాడు తన లాయరుతో, నెమ్మదిగా. "తను లేకపోతే నేను ఉత్త ఫ్రేములు అమ్ముకునేవాణ్ణి."

లాయరు కుర్రవాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. తన కక్షిదారే తన వాదన మీద నీళ్ళు పోస్తాడని అతను ఊహించి ఉండడు. అంతటితో అంతా తేలిపోలేదు. ఇంకా ఎన్నోసార్లు కూర్చున్నారు, మాటా మాటా అనుకున్న రోజులూ ఉన్నాయి. చివరికి షాపు ఆయనకు ఉండిపోయింది. మెషీను ఆమెది. ఇంట్లో ఆమె భాగానికి ఆయన డబ్బు కట్టేటట్టు ఒప్పందమైంది.

సంతకాలయ్యాక వరండాలో ఆయన ఎదురయ్యాడు. కళ్ళజోడు ముక్కుమీంచి జారుతోంది. ఆమె ఆలోచించకుండానే చెయ్యి చాచింది, ఆయనా ఆలోచించకుండానే తీసి ఇచ్చాడు. ముక్కు దగ్గరి బిళ్ళలు గోటితో కొంచెం లోపలికి నొక్కి తిరిగి ఇచ్చింది. "ఇప్పుడు జారదు," అంది. ఆయన తలూపి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఈ సంగతి తర్వాత కౌన్సెలరుకు చెప్పింది.

"ఆ క్షణంలో ఎలా అనిపించింది?"

"ఏమీ అనిపించలేదమ్మా. షాపుకొచ్చినవాళ్ళెవరికో చేసినట్టుంది," అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఏడుపైంది. ఆ గదిలో ఆమె అంతసేపు ఏడవడం అదే మొదటిసారి. బయటికి వచ్చాక ఆకలేసింది. చాలా నెలల తర్వాత కడుపునిండా తిన్నది.

ఇప్పుడు ఆమె పని చేసుకునేది రైల్వే గేటు దగ్గర, వీధిలోకి తెరుచుకునే ఒక గదిలో. చుట్టుపక్కల షాపులవాళ్ళు అద్దాలు అరగదీయడానికి పంపుతారు. ఆయన షాపు నుంచీ వస్తాయి, అందరితో పాటు వరసలోనే. ఆడపడుచు సెలవురోజున వచ్చి, పిలవకుండానే మంచమెక్కి నిద్రపోతుంది. ఒంటరితనం కొన్ని పూటలు పట్టి పీడిస్తూనే ఉంది. ఆ పూటల్లో కౌన్సెలరుకో కూతురికో ఫోన్ చేస్తుంది, దాచుకోదు.

ఈమధ్య ఒక మధ్యాహ్నం టైలరు పని చేసే ఒకామె వచ్చింది. జోడు వదులైందంటూ ఇచ్చింది. అద్దాలక్క చూస్తే అది బ్రహ్మాండంగా బిగిసే ఉంది. వచ్చినామె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, మీ లాయరమ్మ నంబరు ఒకసారి ఇస్తారా? నాక్కాదులెండి, తెలిసినవాళ్ళకి."

"ఇస్తాను. ఒకటి కాదు, రెండు నంబర్లు రాసుకో."

"రెండోది దేనికక్కా?"

అద్దాలక్క మెషీను ఆపి, చేతులు తుడుచుకుని, స్టూలు ముందుకు జరిపింది.

"కూర్చో. నేనూ మొదట అలాగే అనుకున్నాను."