అక్క ఎడమ బొటనవేలు

నా బల్ల సొరుగుల పదకొండు ఫోన్లుంటయి. పదకొండింటికి పదకొండు బుద్ధులు. ఒకటేమో రెండు వేళ్లకు మించి గుర్తుపట్టది. మూడో వేలు పెట్టిండ్రంటే మొదటి వేలును పాత చుట్టం లెక్క మరిచిపోతది. ఒకదాని మీద రెండు వేళ్లు ఒకదాన్నొకటి దాటితే, కవలలను కన్న తల్లి తీరు ఏది ఏదో తెలువక ఆగమైతది. ఇంకోటి ఎవ్వరు ముట్టకున్నా తనకు తానే పులకరించి బటన్లు వత్తుకుంటది. జగిత్యాల ఎండలకు నా నెత్తి మీది చెమట చుక్క అద్దం మీద రాలితే, అదీ ఒక వేలేనని మర్యాద చేస్తది.

మొబైల్ యాప్‌లు రాసేటోని బతుకు ఇంతే. మనిషి వేలు ఒక్కటే, దాన్ని చూసే అద్దాలు కోటి. ఈ పని మొదలువెట్టిననాడు నా నెత్తిన జగిత్యాల మామిడితోటంత జుట్టుండె. ఇప్పుడు తోట నరికి ప్లాట్లు చేసిండ్రు.

కోరుట్లల మా అక్క నలభై ఏండ్లు బీడీలు చేసింది. ఆమె చేట ఒళ్లె పెట్టుకుంటే చాలు, ఆకులు భయానికి వాటంతటవే చుట్టుకునేటియని నేను ఏ గుళ్లెనైనా ప్రమాణం చేస్త. నోరు కూడ చేతులంత జోరే. ఆమె వాకిట్ల ఒక మాటంటే మెట్‌పల్లి బస్సు ఎక్కినోళ్లు ఇద్దరు దిగి వచ్చేటోళ్లు.

ఆ గొంతులనే గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే మనిషి ఉంటది, మాట ఉండదన్నడు డాక్టరు.

"రంది పెట్టుకోకు అక్కా, నీ మాటలన్నీ ఫోన్ల దాచిపెడత. బొమ్మ మీద వత్తితే నీ గొంతే పలుకుతది" అన్న. ఆపరేషన్‌కు ముందు మూడు రోజులు ఆమె ముంగట కూసొని రికార్డు చేసిన.

"అన్నం పెట్టుండ్రి అని అనక్కా."

"నేనెందుకంటరా? ఈ ఇంట్ల పెట్టేదాన్ని నేనే గద!"

"ఇప్పుడు నువ్వు పేషెంటువే. అను."

"అన్నం పెట్టుండ్రి. కూర మాడగొట్టకుండ్రి. సాలా?"

బావ ఫొటోకు ఏం మాట కావాల్నంటే ఆలోచన లేకుండనే అన్నది: "ఇగో, ఆ టీవీ జెర బంద్ చెయ్యి."

"చేసిన!" అని లోపటి అర్రలకెళ్లి బావ వొర్రిండు. రికార్డుల ఆయన మాట కూడ పడ్డది. దాన్ని నేను తీసెయ్యలేదు.

ఆఖరుకు నా ఫొటో. అది వత్తితే ఆ మాట జగిత్యాలల ఉన్న నా ఫోన్‌కే వచ్చేటట్టు పెట్టిన. అక్క నా దిక్కు తిరిగింది. "తమ్మీ, తిన్నవారా? తినకుంటనే ఆ డబ్బాల తల పెట్టి కూసున్నవా?" అన్నది. అప్పటికే గొంతు కొంచెం గరగరమంటున్నది.

ఆపరేషన్ అయింది. మాట పోయింది. బావ అక్కకని కోరుట్లల కొన్న ఫోన్ నా సొరుగుల పదకొండింటికీ ముత్తవ్వ. దాని మీద ఒక్క వేలు పెడితే ఎక్కడో దూరంల ఇంకో దొంగ వేలు మొలుస్తది. అక్క నీళ్ల బొమ్మ వత్తితే "నీళ్లు తెండ్రి", "టీవీ బంద్ చెయ్యి" రెండూ ఒక్కపారే మొత్తుకునేటియి. బావ చెంబు పట్టుకొని టీవీ ముంగట నిలవడ్డడు. అక్క సప్పుడు లేకుంట నవ్వింది. ఆమె నవ్వితే వినవడకపోవుడు నేను పుట్టినసంది అదే మొదలు.

ఆ ఫోన్ ఎంబడి పట్టుకొని జగిత్యాలకు వచ్చి ఒక్క లైన్ రాసిన. అద్దం మీద మొదలు పడ్డ వేలే అసలుది. అది ఉన్నంతసేపు ఇంకే వేలు పడ్డా దొంగదే, వదిలెయ్యాలె. ఫోన్ చేతుల పట్టుకొని వెయ్యిసార్లు వత్తి చూసిన. దొంగ వేలు చచ్చిపోయింది. ఆ రోజు నాకు నేనే శాలువా కప్పుకున్నంత పని చేసిన.

ఫోన్ అక్కకు ఇచ్చొచ్చిన వారానికి బావ ఫోన్ చేసిండు. "బామ్మర్దీ, మీ అక్క వత్తితే అది పలుకుతలేదయా."

పోయిన. నేను వత్తిన, పలికింది. అక్క వత్తింది, పలుకలే. మెల్లగ వత్తుమన్న. పొడిబట్టతోని వేలు తుడుచుకొమ్మన్న. ఆమె కుడిచేతి వేలు దిక్కే చూసిన, వేరే దిక్కు చూడలే. ఆఖరుకు జడ్జి తీరు తీర్పు చెప్పిన: "బీడీలు చేసీ చేసీ నీ వేళ్లు అరిగిపోయినయి అక్కా. అద్దం నీ వేలిని గుర్తువడతలేదు."

అక్క తన వేళ్లను తిప్పి తిప్పి చూసుకున్నది. కొంగుల దాచుకున్నది.

మళ్ల నా ముంగట ఎన్నడూ ఫోన్ ముట్టలే. ఏం కావాల్నన్నా చప్పట్లు కొట్టేది, బావ ఉరికొచ్చేటోడు. యాప్ సంగతి నేను అడుగలే. అడిగితే నొచ్చుకుంటదనుకున్న. ఎనిమిది నెలలు బతికింది.

దినాలయినంక సిరిసిల్లల అక్క బిడ్డ ఇంటికి పోయిన. బయట బట్ట నేసే సాంచాలు ఊరంతా దడదడలాడిస్తున్నయి. ఆ పిల్ల, తల్లి గుర్తుకని తెచ్చుకున్న అక్క ఫోన్ నా చేతుల పెట్టింది.

"నేను అమ్మ దగ్గరున్నన్ని దినాలు చూసిన, దీన్ని రోజూ వత్తేది మామా."

"పలుకకపాయె గద బిడ్డా?"

"పలుకకున్నా వత్తేది. చేటల పెట్టుకొని."

"చేటల ఎట్ల?"

ఆ పిల్ల పోయి మా అక్క చేట తెచ్చి ఒళ్లె పెట్టుకున్నది. ఫోన్ అందుల పెట్టింది. తల్లి తీరుగనే ఎడమ బొటనవేలు పోయి అద్దం మూల మీద ఆనింది, తర్వాత కుడిచేయి లేచింది. తడిపిన ఆకు వదిలిపెడితే ముడుచుకుంటది. అందుకే బీడీలు చేసేటోళ్ల ఎడమ బొటనవేలు ముందుగాల ఆకు మూలను అదిమిపడతది. నలభై ఏండ్లు అట్ల అదిమిన వేలు, ఫోన్ అని చెప్తే ఇంటదా?

మొదటి వేలు బొటనవేలు. అసలు వత్తిన వేలు రెండోది. దొంగది. వదిలెయ్యాలె అని రాసినోన్ని నేనే.

యాప్‌ల ఏ వేలు ఎక్కడ పడ్డదో రాసిపెట్టే ఫైలొకటి ఉంటది, నా అలవాటు. సంచిలకెళ్లి ల్యాప్‌టాప్ తీసి, అక్కడనే కూసొని తెరిచిన. మొదటి వేలు: కింద ఎడమ మూల. రెండో వేలు: వదిలేసిన. వదిలేసిన. వదిలేసిన. మొదట్ల నీళ్ల బొమ్మ, అన్నం బొమ్మ, బావ ఫొటో. పోనుపోను అవేమీ లెవ్వు, నా ఫొటో ఒక్కటే. నీళ్లకైతే చప్పట్లు కొడితే బావ వస్తడు. చప్పట్లు జగిత్యాల దాక వినవడయి.

జీవితంల నేను చెప్పిన ప్రతి లెక్కకూ పదింతలు ఉప్పుకారం వేసి చెప్పిన. నా ఫొటో ఎన్నిసార్లు వత్తిందో ఆ లెక్క మాత్రం పెంచ. అసలు చెప్పనే చెప్ప.

ఆ లైన్ తీసేసిన. చేట నా ఒళ్లెకు తీసుకొని, ఎడమ బొటనవేలు మూల మీద ఆనిచ్చి, నా ఫొటో వత్తిన.

అంగీ జేబుల ఫోన్ మోగింది.

"తమ్మీ, తిన్నవారా? తినకుంటనే ఆ డబ్బాల తల పెట్టి కూసున్నవా?"

అక్క బిడ్డ కండ్లు తుడుచుకొని నా దిక్కు చూసింది. "తిన్నవా మామా?"

"తినలే బిడ్డా."

ఆమె అన్నం పెట్టనీకి లోపటికి పోయింది. నేను బొటనవేలు తియ్యలే.