సీసం దుమ్ము

పేల్చేసిన తూటాల ఇత్తడి గుల్లల్ని మళ్ళీ మందు కూరేందుకు తళతళలాడించడంలో ఆ అమెరికా మోంటానా ఊరి వేటగాళ్ళకి లొవెల్ మాటే వేదం. మరలో వేసి తిప్పేటప్పుడు మురికికైతే వాల్‌నట్ పెంకుల రవ్వ, మెరుపుకైతే మొక్కజొన్న కండెల పొడి. "తిప్పాక మూతికి గుడ్డ కట్టకుండా పొడిలోంచి గుల్లల్ని జల్లించకండ్రోయ్, ఆ దుమ్ములో సీసముంటుంది!" అని క్లబ్బులో అందర్నీ బెదిరిస్తాడు. ఇంట్లో జల్లించేది మాత్రం పెళ్ళాం ఆర్లిస్, ఉత్త మూతితో. నిన్న దగ్గుతూనే అడిగింది. "నీళ్ళలో ఉక్కు సూదులేసి తిప్పితే దుమ్మే లేవదటగా, అలా చేద్దామా?"

"తర్వాత ఆరబెట్టేదెవరు? తడి మచ్చలు పడితే నీ బాబొచ్చి తుడుస్తాడా?" అన్నాడు లొవెల్, ఒక గుల్లని బొటనవేలితో మురిపెంగా నిమురుతూ.

ఆమెకి మళ్ళీ దగ్గు తెర వచ్చింది. ఈసారి బల్ల పట్టుకుని వంగిపోయింది. లొవెల్ గబుక్కున లేచి, ఆమె ముందున్న గుల్లల పళ్ళెం లాక్కున్నాడు.

"అటు తిరిగి దగ్గవే, మెరుపు పోతుంది."